పురుగుల అత్త పగ

పిల్లలకు కొమ్ముపురుగును చూపిద్దామని పద్నాలుగో సొరుగు లాగినప్పుడు పురుగుల అత్తకు ఆ సంగతి తెలిసింది.

ఆమె మ్యూజియంలో కీటకాల విభాగంలో పిల్లలకు పాఠాలు చెప్పేది. ప్రతి శనివారం పొద్దున పది గంటలకు పదిహేను, ఇరవై మంది పిల్లలు మెట్ల కింది గదిలో చేరేవారు. మొదటి ఏడాది ఎవరో ఓ పిల్లవాడు "పురుగుల అత్తా!" అని కేకేశాడు. అది అతుక్కుపోయింది. చివరికి గేటు దగ్గర కాపలా మనిషి కూడా అసలు పేరు మరిచిపోయాడు.

ఆమె పాఠం చెప్పే తీరు వేరు. పుస్తకం తెరిచేది కాదు. మ్యూజియం వెనక పెరట్లో ఒక రాయి ఎత్తించేది. "దీని కింద ఎవరెవరు కాపురం ఉంటున్నారో చూడండి. ఇల్లు చూశాక మళ్ళీ పైకప్పు మెల్లిగా పెట్టేయాలి. మీ ఇంటి కప్పు ఎవరైనా లేపి వదిలేసి పోతే మీకెలా ఉంటుంది?" అనేది. పిల్లలు గొంగళిపురుగు ముందు కూడా చెప్పులు విడిచి నిలబడేంత మర్యాద నేర్చుకున్నారు.

ఆ రోజు ఆమె సూదికి గుచ్చిన కొమ్ముపురుగును పైకి తీసి, దాని కింద ఉన్న చిన్న కాగితం చదవబోయింది. ప్రతి పురుగు కింద అలాంటి చీటీ ఒకటి ఉంటుంది. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరు సేకరించారు అన్నవి అందులో రాస్తారు. ఆ మూడూ లేకపోతే అది శాస్త్రానికి పనికిరాదు, చచ్చిన పురుగు కిందే లెక్క.

చీటీ కొత్తది. తెల్లగా, అచ్చు అక్షరాలతో ఉంది. చోటు అదే. తేదీ అదే. సేకరించినవారు అన్నచోట మాత్రం క్యూరేటర్ పేరు ఉంది.

ఆ పురుగును పట్టింది ఆమె అక్క.

ఆ తేదీ ఆమెకు బాగా గుర్తు. కుండపోతగా వాన కురిసిన రోజు. అక్క చెప్పులు చేత్తో పట్టుకుని, తడిసి ముద్దయి ఇంటికొచ్చింది. తల కూడా తుడుచుకోకుండా జేబులోంచి ఆ పురుగును తీసి బల్లమీద గ్లాసు బోర్లించి పెట్టింది. "చూడవే, దీని పౌరుషం! గ్లాసునే నెట్టేస్తోంది," అని నవ్వింది.

అక్క కరెంటు మీటర్ల రీడింగులు తీసే ఉద్యోగి. ఇరవై ఆరేళ్ళు వీధి వీధీ తిరిగింది. తెల్లారేసరికి వీధిదీపాల కింద రాలి ఉన్న పురుగులను ఏరి మాత్రల డబ్బాల్లో వేసుకునేది. చీటీలకు కాగితం ఎక్కడిది? మీటరు స్లిప్పుల అంచులు కత్తిరించి, వాటి వెనక చీమంత అక్షరాలతో రాసేది. పెళ్ళి చేసుకోలేదు. సెలవు రోజుల్లో చెల్లెల్ని వెంటబెట్టుకుని కాలవగట్ల వెంట తిరిగేది. ఊపిరితిత్తుల జబ్బుతో పోయేనాటికి ఆమె మిగిల్చినవి నలభై సొరుగుల పురుగులు, పద్దెనిమిది నోటుపుస్తకాలు. సొరుగులను చెల్లెలు మ్యూజియానికి ఇచ్చేసింది. నోటుపుస్తకాలను మాత్రం ఇవ్వబుద్ధి కాక ఇంట్లోనే ఉంచుకుంది.

"అత్తా, ఏమైంది?" అని పిల్లలు అడుగుతుంటే ఆమె పద్నాలుగో సొరుగు మూసి పదిహేనోది లాగింది. తర్వాత పదహారోది. అన్నిట్లోనూ తెల్లటి కొత్త చీటీలే. అన్నిట్లోనూ అదే పేరు.

పిల్లలను పంపేసి నేరుగా క్యూరేటర్ గదికి వెళ్ళింది. ఆయన అరవైకి దగ్గరపడిన మనిషి. చొక్కా మడత నలగదు, మాట తూకం తప్పదు. మరో మూడు నెలల్లో రిటైరవుతున్నాడు. ఆలోపే సభ చేసి కీటకాల విభాగానికి ఆయన పేరు పెట్టాలని ట్రస్టు వాళ్ళు నిర్ణయించారు.

"చీటీలు ఎందుకు మార్చారు?" అంది ఆమె, కూర్చోకుండానే.

"ఆ చేతిరాత ఎవరికి అర్థమవుతుందమ్మా? పైగా చిత్తుకాగితాల మీద రాసింది. చూసేవాళ్ళు నవ్విపోరూ?"

"రాత మార్చితే మార్చారు. పేరెందుకు మార్చారు?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వాటి జాతులు తేల్చింది నేను. శాస్త్రీయమైన పేర్లు పెట్టింది నేను. మీ అక్కగారు, పాపం, కరెంటు మీటర్లు చూసుకునే మనిషి. ఏరడం వేరు, సేకరించడం వేరు."

"పాత చీటీలు ఏవి?"

"చెత్తను ఎవరైనా దాచుకుంటారా?"

ఆమె గుమ్మం వైపు నడిచింది. దాటేముందు వెనక్కి తిరిగి ఒక్క సంగతి చూసింది. ఆయన కుర్చీ వెనక గోడకు ఆనించి పన్నెండు సొరుగుల చెక్క బీరువా ఉంది. అందులో ఉన్నవి నీలి సీతాకోకచిలుకలు. కుర్రతనంలో అడవుల వెంట తిరిగి ఆయన తన చేతులతో పట్టుకున్నవి. గొప్పవాళ్ళు ఎవరొచ్చినా గాజు మూత తీసి చూపిస్తూ మురిసిపోయేవాడు. ఆ మ్యూజియంలో నిజంగా ఆయనవి అంటూ ఉన్నవి అవే.

ట్రస్టుకు ఫిర్యాదు రాయొచ్చని ఆమెకు తోచకపోలేదు. ఇంటికెళ్ళి కాగితం ముందేసుకుని కూర్చుంది కూడా. కానీ "చెత్త" అన్న మాట చెవిలో ఈగలా తిరుగుతూనే ఉంది. ఫిర్యాదుతో ఆయనకు ఏమవుతుంది? ఓ విచారణ, ఓ క్షమాపణ, మళ్ళీ మడత నలగని చొక్కా. ఆమె కడుపుమంట అంతటితో ఆరేది కాదు. కాగితం నలిపి పారేసింది.

మెట్ల కింది గదిలో ఒక గాజుపెట్టె ఉండేది. అందులో తోలుపురుగులను పెంచేది. పెద్దవి నల్లగా, బియ్యపు గింజకన్నా కాస్త పెద్దగా ఉంటాయి. పిల్లపురుగులు గోధుమరంగు నూగుతో కుచ్చులా ఉంటాయి. ఎండిన తోలు, ఎండిన మాంసం, చచ్చిన పురుగులు వీటికి విందు. పెట్టెలో చచ్చిన పిచ్చుకను పెడితే కొన్ని వారాల్లో తెల్లటి ఎముకలు మాత్రం మిగిల్చేవి. "ఇవే లేకపోతే లోకమంతా శవాల గుట్టయ్యేది. అసహ్యించుకోకండి, దండం పెట్టండి," అని పిల్లలకు చెప్పేది. మ్యూజియంలో మిగతా వాళ్ళకు మాత్రం ఆ పెట్టె అంటే హడల్. ఒక్క పురుగు తప్పించుకుని సొరుగుల్లో దూరితే ఇక అంతే సంగతులు. అందుకే దానికి రెండు మూతలు, రెండు తాళాలు.

బుధవారం మధ్యాహ్నం క్యూరేటర్ భోజనానికి ఇంటికెళ్ళిన వేళ, ఆమె ఒక మాత్రల డబ్బాలో ఇరవై నాలుగు పిల్లపురుగులను వేసుకుని ఆయన గదిలోకి వెళ్ళింది. గది తాళం వేసి ఉండదు. సొరుగుకు రెండు చొప్పున వదిలింది. ప్రతి సొరుగు మూలా కలరా ఉండలు కట్టిన చిన్న గుడ్డసంచి ఉంటుంది. ఆ ఘాటుకు పురుగులు బతకవు. ఆమె పన్నెండు సంచులూ విప్పి ఉండలు తీసేసి, తన గదిలోని సుద్దముక్కలు విరిచి నింపి, మళ్ళీ ముడివేసింది. పాఠానికి సామాను సర్దుకున్నంత నిదానంగా చేసింది.

ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే. ఎన్ని రోజులకు కుబుసం విడుస్తాయి, ఎన్నాళ్ళకు రెక్కలొస్తాయి, ఎప్పుడు గుడ్లు పెడతాయి అన్నది ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. సభ నాటికి రెండో తరం మంచి ఆకలి మీద ఉంటుంది. ఆలోగా గొప్పవాళ్ళెవరూ రాలేదు, ఆయన ఆ సొరుగులు తెరవలేదు. వరండాలో క్యూరేటర్ ఎదురుపడి "బావున్నారామ్మా?" అంటే, "చాలా బావున్నానండీ," అనేది. ఆ మాటలో అబద్ధం లేదు. అక్క పోయిన తర్వాత అంత కంటినిండా నిద్రపోయిన రోజులు ఆమెకు లేవు.

ఆ శనివారాల్లోనే ఒక పిల్ల పాఠాల్లో బాగా ముందుకొచ్చింది. తొమ్మిదేళ్ళుంటాయి. మెడలో తాడుకు భూతద్దం వేలాడుతూ ఉండేది కాబట్టి అందరూ భూతద్దం అనే పిలిచేవారు. మ్యూజియం ఊడ్చి తుడిచే ఆయమ్మ కూతురు. చీమల బారు ఎటు పోతోందో చూడమంటే మిగతా పిల్లలు పది నిమిషాలు చూసేవారు. ఇది మధ్యాహ్నం దాకా బోర్లా పడుకుని, పుట్ట దొరికాకే లేచేది.

"అనుకున్నది రాయకు. చూసింది రాయి. ఎందుకలా అయిందో ఆ తర్వాత ఆలోచించు," అని పురుగుల అత్త దానికి ప్రత్యేకంగా చెప్పేది. తన పాఠాలన్నిట్లో ఒక్క బిడ్డకైనా చూపు అబ్బిందని లోలోపల పొంగిపోయేది.

సభ రోజు వచ్చింది. విభాగం గుమ్మానికి కొత్త పేరుపలక, దానిమీద పట్టుతెర. ట్రస్టు అధ్యక్షురాలు చేతికర్ర పట్టుకుని వచ్చింది. పత్రికలవాళ్ళు వచ్చారు. శనివారం పిల్లలు వరసగా నిలబడ్డారు. పురుగుల అత్త వాళ్ళ వెనక నిలబడింది. ఆ రోజు ఆమె మంచి చీర కట్టుకుంది.

"పలక ఆవిష్కరణకు ముందు మీ నీలి సీతాకోకచిలుకలను ఒక్కసారి చూడాలండీ," అంది అధ్యక్షురాలు. "వాటి గురించి ఎంతో విన్నాను."

క్యూరేటర్ ముఖం వెలిగిపోయింది. "రండి, రండి," అంటూ అందర్నీ గదిలోకి తీసుకెళ్ళి, మధ్య సొరుగును రెండు చేతులతో లాగి బల్లమీద పెట్టాడు.

వరసలు వరసలుగా సూదులు. కొన్నిటికి రెక్క ముక్క వేలాడుతోంది. కొన్నిటికి అదీ లేదు. అడుగున గోధుమరంగు పొడి, విడిచిన కుబుసాలు, వాటిమధ్య నీలిరంగు మెరుపు పలుకులు. నూగుపురుగు ఒకటి వెలుతురు పడగానే చీటీ కిందికి దూరింది.

ఆయన ఇంకో సొరుగు లాగాడు. ఇంకోటి. అయిదోదానికి చేతులు పట్టు తప్పి గాజుమూత నేలమీద పడి భళ్ళున పగిలింది. ఆయన ఆ ముక్కల మధ్య చతికిలబడి, పొడిని దోసిట్లోకి ఎత్తుకున్నాడు. మడత నలగని చొక్కా మోచేతులదాకా ఆ పొడి అంటుకుంది.

పురుగుల అత్త కళ్ళార్పకుండా చూసింది. ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసుకున్నంత హాయిగా ఉంది. 'ఇదీ చెత్త అంటే,' అనుకుంది మనసులో. 'ఇప్పుడు దాచుకో.'

అప్పుడే ఆయన తలెత్తాడు. చూపు ఆమె మీదకు రాలేదు. గుమ్మం దగ్గర చీపురుతో నిలబడిన ఆయమ్మ మీద పడింది.

"కలరా ఉండలు మార్చే పని ఎవరిది? నీది కాదూ?"

"మార్చానండీ! నాలుగు నెలల కిందట నా చేత్తో మార్చానండీ. ఆరునెలలకోసారి కదండీ..."

"పురుగు ఎక్కడి నుంచి వచ్చినా, ఉండలు మారిస్తే ఇలా అవుతుందా? నలభై ఏళ్ళ కష్టం! ఎవరక్కడ, దీన్ని బయటికి పంపండి. మళ్ళీ ఈ గేటులో అడుగు పెట్టడానికి వీల్లేదు."

ఆయమ్మ అందరి ముఖాలూ చూసింది. పురుగుల అత్త ముఖం కూడా చూసింది. "మీరైనా చెప్పండి మేడం, నేను పని ఎగ్గొట్టే మనిషినా?" అంది.

పురుగుల అత్త నోరు తెరిచింది. ఏమీ అనలేదు. మళ్ళీ మూసుకుంది.

ఆయమ్మ చీపురు గోడకు ఆనించి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. పలక మీది తెర ఆ రోజు తీయలేదు. సభ వాయిదా పడింది.

తర్వాత మూడు రోజులు పురుగుల అత్త తనతో తనే వాదించుకుంది. కొద్ది రోజుల్లో ఆయన రిటైరై పోతాడు, అప్పుడు ఆయమ్మను మళ్ళీ తీసుకోమని నేనే చెప్తాను అనుకుంది. వేరే చోట పని చూసిపెడతాను అనుకుంది. ఇప్పుడు నిజం చెప్తే గెలిచింది ఆయనే అవుతాడు కదా అనుకుంది. నాలుగో రోజు శనివారం. పిల్లలు రాకముందే మెట్ల కింది గది గుమ్మంలో భూతద్దం నిలబడి ఉంది. కాపలా మనిషి కళ్ళుగప్పి వెనక పెరటి గోడ దూకి వచ్చింది. మోకాలు చీరుకుపోయింది.

"అత్తా, మా అమ్మది తప్పు కాదు. చూపిస్తాను," అంటూ గౌను జేబులోంచి గుడ్డసంచి తీసింది. గాజుమూత పగిలినప్పుడు నేలమీద పడినది. ముడి విప్పి బల్లమీద కుమ్మరించింది. "ఇవి కలరా ఉండలు కావు. సుద్దముక్కలు. ఇది చూడు, దీనికి ఓ పక్క నీలంరంగు ఉంది. నువ్వు అప్పుడెప్పుడో తూనీగ బొమ్మ వేసిన సుద్ద. పైగదుల్లో అందరూ పెన్నులతో రాస్తారు. సుద్ద ఈ గదిలోనే ఉంది."

పురుగుల అత్త ఆ ముక్కను తిప్పి చూసి కింద పెట్టింది.

"పురుగులు కూడా మన పెట్టెలోవే. పెట్టెకు రెండు తాళాలు. తాళంచెవులు నీ దగ్గరే ఉంటాయి." పిల్ల అంతవరకు గబగబా చెప్పి ఆగింది. "ఇదంతా నేను చూసింది. ఎందుకలా అయిందో ఆలోచిస్తే మాత్రం ఏదో తప్పు వస్తోంది. నేనెక్కడ తప్పు చేశానో నువ్వు చెప్పు అత్తా."

అబద్ధం చెప్పడం ఎంతో తేలిక. సుద్ద ఎవరైనా తీసుకెళ్ళి ఉండొచ్చు అంటే చాలు, ఆ పిల్ల నమ్మేది. నమ్మడం కోసమే వచ్చింది. కానీ అలా అంటే ఆ పిల్ల ఇక తన కళ్ళను నమ్మడం మానేస్తుంది.

"నువ్వెక్కడా తప్పు చేయలేదు," అంది పురుగుల అత్త. "నేనే చేశాను."

భూతద్దం ఏడుస్తుందేమో అనుకుంది. ఏడవలేదు. సుద్దముక్కలు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకుని, ముడివేసి, జేబులో పెట్టుకుంది. "మా అమ్మ నాలుగు రోజుల నుంచి అన్నం తినట్లేదు," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజు పాఠం లేదని పిల్లలను పంపేసి, ఆమె క్యూరేటర్ గదికి వెళ్ళింది. ఖాళీ సూదుల సొరుగులు ఇంకా బల్లమీదే ఉన్నాయి.

"పురుగులను వదిలింది నేను. ఆయమ్మను పనిలోకి పిలిపించండి."

ఆయన ఒక ఖాళీ సూదిని వేలితో తాకాడు. "అవి నా పదిహేనో ఏట నుంచి పట్టుకున్నవి," అన్నాడు మెల్లిగా. "నా చేతులతో."

"తెలుసు. అందుకే వాటినే ఎంచుకున్నాను."

ఆయన సొరుగును పక్కకు జరిపాడు. అంతలోనే ఏదో తట్టినట్టు సర్దుకుని కూర్చున్నాడు. "చూడమ్మా. ఇది బయటపడితే నీ ఉద్యోగం పోతుంది. పోలీసుల దాకా పోతుంది. అప్పుడు ఎందుకు చేశావని అడుగుతారు, నువ్వు చీటీల ఊసెత్తుతావు. నాకూ తలనొప్పే. నీ సంగతి నేను చెప్పను, నా సంగతి నువ్వు చెప్పకు. నా సభ నాకు జరుగుతుంది, నీ పాఠాలు నీకుంటాయి."

"మరి ఆయమ్మ?"

"ఎవరో ఒకరి మీద పడాలి కదా. ఊడ్చేవాళ్ళు దొరక్కపోతారా?"

మీటర్లు చూసుకునే మనిషి అన్నప్పుడు ఏ గొంతు వాడాడో, అదే గొంతు. అంతదాకా ఆమెకు ఎక్కడో మూల కాస్త భయం మిగిలి ఉండేది. అది కూడా పోయింది.

"అయితే ఇద్దరం కలిసే మునుగుదాం," అంది.

ఆ సాయంత్రమే అధ్యక్షురాలికి రెండు పేజీల ఉత్తరం రాసింది. మొదటి పేజీలో తను చేసింది, తేదీలతో సహా. రెండో పేజీలో ఆయన చేసింది. సాక్ష్యంగా అక్క నోటుపుస్తకాలు పద్దెనిమిదీ అట్టపెట్టెలో సర్ది, ఆటోలో వేసుకుని తనే తీసుకెళ్ళి ఇచ్చింది. "మొదటి పేజీ చదివి ఆగిపోకండి," అని మాత్రం చెప్పింది.

ముసలావిడ ఆగలేదు. ఇద్దరు గుమాస్తాలను కూర్చోబెట్టి నలభై సొరుగులనూ నోటుపుస్తకాలతో సరిచూపించింది. పదిహేను రోజులు పట్టింది. ఒక్క పురుగు కూడా క్యూరేటర్‌ది కాదని తేలింది. ఆయన రిటైర్మెంటు రోజున ఎవరూ దండ తేలేదు. పేరుపలకను తెరతో సహా గోదాములో పడేశారు. కొమ్ముపురుగు కింద మళ్ళీ అక్క పేరు వచ్చింది. ఆయమ్మకు కబురు వెళ్ళింది, పనిలోకి వచ్చింది. పురుగుల అత్తను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ భవనంలో అడుగు పెట్టకూడదని కాగితం రాసిచ్చారు. కేసు పెట్టకపోవడం అధ్యక్షురాలి దయ.

ఆ కాగితం మీద సంతకం చేస్తూ ఆమె బాధపడలేదు. నేలమీద కూర్చుని పొడి ఎత్తుకుంటున్న మనిషి తలపుకొస్తే ఇప్పటికీ లోపల తృప్తిగానే ఉంటుంది. గుమ్మం దగ్గర "మీరైనా చెప్పండి మేడం" అన్న గొంతు గుర్తొచ్చినప్పుడు మాత్రం ముద్ద దిగదు.

ఓ నెల తర్వాత కూరగాయల కొట్టు దగ్గర ఆయమ్మ ఎదురుపడింది. పురుగుల అత్త తప్పుకుని పోబోయింది. ఆయమ్మ దారికి అడ్డంగా సంచి పెట్టింది.

"నాకో మాట చెప్పు," అంది. ఇంతకుముందు ఎప్పుడూ ఆమెను నువ్వు అనలేదు. "మీ అక్క పేరు తీసేశాడని నాతో ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను కాదనేదాన్నా? ఆ సంచులు నేనే విప్పి ఇద్దును. పదహారేళ్ళు ఆ గది ఊడ్చాను. ఒక్కనాడు నా పేరు పెట్టి పిలిచాడా ఆయన? నీకొక్కదానికే ఉందా కడుపుమంట?"

పురుగుల అత్త తల దించుకుంది. "నిన్ను అడగాలని నాకు తోచలేదు."

"తోచదు. అదే నా కోపం. ఆయనకు తోచలేదు, నీకూ తోచలేదు." ఆయమ్మ వంకాయలు ఏరుతూ, కొట్టువాడి మీద విసుక్కుంటూ, పుచ్చినవి పక్కకు తోసింది. కాసేపటికి ఆమె వైపు చూడకుండానే అంది: "మ్యూజియంలో కొత్తగా వచ్చినాయన పిల్లలకు పుస్తకం చదివి వినిపిస్తున్నాడంట. మా పిల్ల మొహం మాడ్చుకుని కూర్చుంటోంది. శనివారం మీ ఇంటికి పంపుతాను. నీ మీద ప్రేమతో కాదు. నేనింకా నీతో మాట్లాడట్లేదు."

"మరి ఇప్పుడు మాట్లాడుతున్నావుగా?"

"ఇది తిట్టడం," అంది ఆయమ్మ, సంచి భుజానికెత్తుకుని.

శనివారం పది గంటలకు భూతద్దం వచ్చింది. వెంట ఇంకో ఏడుగురు పిల్లలు. పలకరించలేదు, అత్తా అని పిలవలేదు. ఇంటి వెనకకు నడిచి, పాత మునగచెట్టు మొదట్లో ఊడిపోతున్న బెరడును వేలితో చూపించి, "దీని వెనక ఎవరున్నారు?" అని అడిగింది.

పురుగుల అత్త చీరకొంగు దోపుకుని, పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.